కామర్స్ డిగ్రీ ఉంది, నర్సు కావాలని ఉంది: పర్లాకిమిడి అమ్మాయి ఉత్తరానికి జవాబు

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి పాతికేళ్ల అమ్మాయి ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ, వీధీ, ఇంటి గుర్తులూ తీసేసి విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

వాళ్ల ఇంట్లో తెలుగు, బయట ఒడియా. బడిలో పదో తరగతి దాకా ఒడియా ఒక సబ్జెక్టుగా చదివారు. ప్లస్ టు (ఇంటర్) కామర్స్, ప్లస్ త్రీ (డిగ్రీ) కూడా కామర్సే. నాలుగేళ్లుగా ఒక మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తున్నారు. నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉంది. అక్కకి పెళ్లయింది. తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు, అతని హాస్టల్ ఖర్చు ఈ అమ్మాయి జీతంలోంచే వెళ్తోంది.

నాన్నమ్మది ఉద్దానంలో కవిటి దగ్గర ఒక పల్లె. కిడ్నీలు పాడయ్యాక ఆవిడను పలాసకు డయాలసిస్‌కి తిప్పాల్సి వచ్చింది. షాపులో సెలవు పెట్టి, ఆవిడ దగ్గరే ఉండి తోడు వెళ్లింది ఈ అమ్మాయే. "అక్కడ ఒక సిస్టర్ నాకు అన్నీ ఓపిగ్గా చెప్పేవారు. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి బీపీ ఎందుకు చూడకూడదో, డయాలసిస్‌కి ముందూ తర్వాతా బరువు ఎందుకు తూస్తారో, నీళ్లు కొలిచి ఎందుకు తాగించాలో. ఇంటికొచ్చాక అవన్నీ నేనే చూసుకునేదాన్ని. నాన్నమ్మ పోయి ఏడాది దాటింది. ఆ పని మాత్రం నా మనసులోంచి పోవడం లేదు" అని రాశారు.

ఇక చుట్టూ ఉన్నవాళ్ల మాటలు. డిగ్రీ ఉంది కాబట్టి బీఎస్సీ నర్సింగ్ రెండేళ్లలో అయిపోతుందని మేనమామ అంటున్నారట. అమెరికాలో ఉన్న బావ ఏడాదిన్నర చాలంటున్నాడు. బరంపురంలో ఒక కన్సల్టెన్సీ మనిషి బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ సీటు ఇప్పిస్తానని, బయాలజీ లేకపోయినా ఫర్వాలేదని, నెలాఖరులోగా 50 వేలు అడ్వాన్సూ ఒరిజినల్ సర్టిఫికెట్లూ ఇమ్మంటున్నాడు. దగ్గర్లోనే ఒక సంస్థ ఏడాది 'నర్సింగ్ కోర్సు' చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటోంది. నాన్నగారు బీఈడీ చేయమంటున్నారు. ఇవి చాలవన్నట్టు ఇచ్ఛాపురం నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడే, వాళ్లమ్మగారు మాత్రం "నైట్ డ్యూటీల ఉద్యోగం మా ఇంట్లో కుదరదు" అన్నారట.

"నా మూడేళ్ల డిగ్రీ వృథాయేనా? మళ్లీ మొదటికి రావాలా? ఏ దారి పట్టమంటారు?" ఇదీ ఆ అమ్మాయి ప్రశ్న.

అమ్మా, ముందు మీ మేనమామగారి మాటా, మీ బావ మాటా తేల్చేసుకుందాం. మీ టెన్షన్ సగం అక్కడి నుంచే వస్తోంది. వాళ్లిద్దరూ విన్నది అబద్ధం కాదు, కానీ అది మీకు వర్తించదు. అమెరికాలో వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్లకు ఏడాది, ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ ఇచ్చే కోర్సులు ఉన్నాయి. దానికీ ముందుగా అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ లాంటివి చదివి పాసై ఉండాలి. మన దేశంలో అలాంటి కోర్సే లేదు. మేనమామగారు చెప్పిన రెండేళ్ల బీఎస్సీ ఉంది, దాన్ని పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ అంటారు. అయితే అది అప్పటికే జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ అనే మూడేళ్ల డిప్లొమా) పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయిన నర్సుల కోసం పెట్టిన చదువు. బీకాం చేతపట్టుకుని వెళ్తే అందులో చేర్చుకోరు.

నర్సింగ్ సీటు ఇచ్చేటప్పుడు మన దగ్గర చూసేది ప్లస్ త్రీని కాదు, ప్లస్ టుని. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలంటే ప్లస్ టులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి, ఆ మూడింటిలో కలిపి 45 శాతం రావాలి, ఇంగ్లిష్ కూడా పాసై ఉండాలి. మూడేళ్ల జీఎన్ఎంకి అయితే ప్లస్ టు ఏ గ్రూపైనా చాలు. మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లో విడిగా 40 శాతం ఉండాలి. సైన్స్ చదివి ఉంటే మంచిదని అంటారు కానీ కామర్స్, ఆర్ట్స్ వాళ్లను కాదనరు. వయసు 17 నుంచి 35 లోపు. అంటే మీ ప్లస్ టుతో ఈరోజు మీకు నేరుగా తెరిచి ఉన్నది జీఎన్ఎం. బీఎస్సీ కావాలంటే ముందు ప్లస్ టు సైన్స్ చదవాలి.

డిగ్రీ వృథాయేనా అన్నారు. కోర్సు కాలంలో అది ఒక్క రోజు కూడా తగ్గించదు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, లేకపోతే మొదటి సంవత్సరం పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన కూర్చున్నప్పుడు మీకు గుచ్చుకుంటుంది. కానీ మీ చేతిలో ఉన్న ఇంకోటి మీరు ఉత్తరంలో లెక్కలోకే తీసుకోలేదు. నాలుగేళ్లు మందుల షాపులో ఉన్నారు. ఏ బ్రాండు వెనక ఏ మందు ఉందో, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఫ్రిజ్‌లో ఉంచాల్సినవి ఏవో మీకు తెలుసు. నేను చాలా ఏళ్లు నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పాను. ఫార్మకాలజీ దగ్గర పిల్లలు మందుల పేర్లకే బెదిరిపోతారు. మీరు బెదరరు. వార్డులో ఇండెంట్ రాయడం, స్టాక్ చూడడం, రికార్డు తప్పు లేకుండా ఉంచడం కూడా నర్సు పనిలో పెద్ద భాగమే. లెక్కలు రాసిన చెయ్యి అక్కడ తేలిగ్గా నిలదొక్కుకుంటుంది.

ఇప్పుడు జీఎన్ఎం గురించి కాస్త వివరంగా చెబుతాను, మీరు ఎక్కువగా ఆలోచించాల్సింది దాని గురించే. మూడేళ్లలో చివరి భాగం ఇంటర్న్‌షిప్. మొదటి సంవత్సరమే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్, కమ్యూనిటీ హెల్త్, పౌష్టికాహారం వస్తాయి. కామర్స్ నుంచి వచ్చినవాళ్లకు కష్టం అక్కడే, మొదటి ఆరు నెలలు. రెండో సంవత్సరం మెడికల్ సర్జికల్, పిల్లల వైద్యం, మానసిక ఆరోగ్యం. మూడో సంవత్సరం ప్రసూతి. చేరేలోపు ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి బయాలజీలో మనిషి శరీరం గురించిన పాఠాలు చదువుకోండి. విసర్జన వ్యవస్థ పాఠంతో మొదలుపెట్టండి. కిడ్నీలో వడపోత పని చేసే నెఫ్రాన్ బొమ్మ చూడగానే మీకు నాన్నమ్మ రిపోర్టుల్లోని క్రియాటినిన్ అర్థమవుతుంది. అక్కడ పట్టు దొరికితే మిగతా పాఠాల భయం పోతుంది.

ఇంకో సంగతి. పరీక్షకు కూర్చోవాలంటే థియరీలోనూ ప్రాక్టికల్లోనూ నిబంధనలో చెప్పిన కనీస హాజరు ఉండాలి. సర్టిఫికెట్ చేతికి రావాలంటే క్లినికల్ డ్యూటీలు నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లయినా పోయిన డ్యూటీ తర్వాత చేసి తీరాల్సిందే. దాదాపు అన్ని చోట్లా హాస్టల్లో ఉండాలి. షాపు ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చని ఎవరన్నా అంటే నమ్మకండి. దూరవిద్యలో జీఎన్ఎం లేదు.

జీఎన్ఎం అయ్యాక రాష్ట్ర కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ వస్తుంది. అది మీకు లైసెన్సు. ఆ తర్వాత కావాలంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఆపైన ఎంఎస్సీ నర్సింగ్ దాకా వెళ్లొచ్చు. జీఎన్ఎం ఎత్తేస్తారన్న మాట మీ చెవినా పడి ఉంటుంది. అలాంటి ప్రతిపాదన కొన్నేళ్ల కిందట వచ్చిన మాట నిజమే. కోర్సు మాత్రం నడుస్తూనే ఉంది, ఇప్పటికే చదివినవాళ్ల రిజిస్ట్రేషన్‌కి దాంతో ముప్పు లేదు.

బీఎస్సీ మీదే మనసుంటే దానికీ దారి ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్‌తో ప్లస్ టు మళ్లీ రాయొచ్చు. సైన్స్ సబ్జెక్టులూ ఇంగ్లిషూ ఉన్న ఓపెన్ స్కూల్ సర్టిఫికెట్‌ని నర్సింగ్ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. మొత్తం కోర్సుగా చేరి పూర్తి సర్టిఫికెట్ తీసుకోండి. ఒకటి రెండు సబ్జెక్టులు విడిగా రాసి తెచ్చిన మార్కుల షీటు దగ్గర కాలేజీలు పేచీ పెడతాయి. ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి. ఉద్యోగం మానకుండా ఈ ఏడాది అది చేయొచ్చు, తమ్ముడి హాస్టల్ ఖర్చుకీ ఇబ్బంది రాదు. ఆ తర్వాత ప్రవేశ పరీక్ష రాయాలి. ప్లస్ టు సైన్స్ చదివి, కోచింగ్ తీసుకుని వచ్చే పిల్లలతో పోటీ. ప్రభుత్వ సీటు రాకపోతే ప్రైవేటులో నాలుగేళ్ల ఫీజు కట్టాలి.

ఇక్కడ వయసు లెక్క ఒకసారి వేసి చూడండి. ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నార్సెట్ అనే పరీక్ష పెడతారు. భువనేశ్వర్ ఎయిమ్స్ పోస్టులు కూడా దానిలోనే వస్తాయి. మూల వేతనం 44,900 దగ్గర మొదలవుతుంది. వయసు పరిమితి 30. ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. బీఎస్సీ లేదా పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉన్నవాళ్లను అనుభవం అడగరు. జీఎన్ఎం మాత్రమే ఉంటే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. మీకిప్పుడు 25. ఈ ఏడాది జీఎన్ఎంలో చేరితే 28కి అయిపోతుంది, రెండేళ్ల అనుభవంతో 30. అనుభవం బదులు వెంటనే పోస్ట్ బేసిక్ చదివినా 30. ఓపెన్ స్కూల్ మీదుగా బీఎస్సీకి వెళ్తే, అంతా ఒక్కసారికే కుదిరినా 30. మూడు దారులూ అక్కడే కలుస్తున్నాయి. తేడా ఏమిటంటే జీఎన్ఎం దారిలో 28కే లైసెన్సు చేతిలో ఉంటుంది, జీతం మొదలవుతుంది. బీఎస్సీ దారిలో ఒక్క ఏడాది జారినా 31. మీకు వర్గం సడలింపు ఉందో లేదో రాయలేదు. అది ఉంటే ఈ లెక్క ఊపిరి తీసుకోనిస్తుంది, లేకపోతే బిగుసుకుంటుంది. ఒడిశా ప్రభుత్వ పోస్టుల పరిమితి ఇంతకంటే ఎక్కువగానే ఉంటోంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా చూసుకోవాలి.

ప్రైవేటు ఆసుపత్రుల జీతాల గురించి కూడా దాచకుండా చెప్పాలి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ, ఎంత చిన్న ఆసుపత్రి అయినా నర్సుకు నెలకు 20 వేలకు తక్కువ ఇవ్వకూడదని సిఫారసు చేసింది. చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఇప్పటికీ అంత ఇవ్వడం లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అప్పు చేసి చదివి, మొదటి ఉద్యోగం అక్కడ వెతుక్కుంటే వాయిదా కట్టడమే కష్టమవుతుంది. అందుకే మొదటి రెండేళ్లు పెద్ద ఆసుపత్రిలో, 50 పడకలకు తక్కువ కాని చోట చేయమంటాను. పని నేర్చుకోవడానికీ అదే మంచిది, నార్సెట్‌కి అనుభవ పత్రం కూడా పనికొస్తుంది.

ఎక్కడ చదవాలి? మీ ఊరు దాటగానే పాతపట్నం, ఆంధ్రా. శ్రీకాకుళంలోనో టెక్కలి వైపో చేరిపోవచ్చు కదా అనిపించడం సహజం, అక్కడ పాఠం అర్థం కాకపోతే తెలుగులో అడగొచ్చు కూడా. కానీ ఆంధ్రాలో ప్రభుత్వ సీట్లు ఎక్కువ భాగం స్థానికులవి. మీ చదువంతా ఒడిశాలో జరిగింది కాబట్టి మీరు స్థానికేతరుల కిందికి వస్తారు. ఇక మిగిలేది ప్రైవేటు ఫీజు. పైగా అక్కడ చదివితే రిజిస్ట్రేషన్ ఆంధ్రా కౌన్సిల్లో అవుతుంది. రేపు ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లాలంటే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ఒడిశా కౌన్సిల్లో నమోదు చేసుకోవాలి. అయ్యే పనే, కానీ నెలలు తిప్పుతుంది. ఒడిశాలో ఉంటే మీరు స్థానికులు, ఒడియా వచ్చు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలి, బడిలో చదివిన రుజువూ అడుగుతారు. పదో తరగతి దాకా చదివారన్నది మీకు పెద్ద ఆసరా. సరిహద్దు తెలుగు కుటుంబాల్లో పిల్లల్ని ఒడియా సబ్జెక్టే లేని బడుల్లో వేసి తర్వాత ఇబ్బంది పడ్డవాళ్లు ఉన్నారు.

బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ దగ్గర ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ ఉంది. రాయగడ జిల్లా బిస్సంకటక్ క్రిస్టియన్ హాస్పిటల్ వాళ్లకు నర్సింగ్ స్కూలు ఉంది. ఈ రెండు చోట్లా ఏ కోర్సుకు ఎన్ని సీట్లు, ఎప్పుడు దరఖాస్తు అన్నది నేరుగా ఆఫీసులో అడగండి. మీ జిల్లా ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్‌ని కూడా కలవండి. చుట్టుపక్కల ఏ స్కూల్ నుంచి వచ్చిన పిల్లలు పని బాగా నేర్చుకుని వస్తున్నారో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఏ స్కూల్ అయినా సొంత ఆసుపత్రి ఉందా, పిల్లల్ని క్లినికల్‌కి ఎక్కడికి పంపుతారు అన్నదే నా మొదటి ప్రశ్న. రోగులు లేని ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న స్కూల్లో మూడేళ్లు చదివినా చేతికి పని రాదు.

బెంగళూరు సీటు విషయంలో మాత్రం గట్టిగానే చెబుతున్నాను. బెంగళూరులో మంచి నర్సింగ్ కాలేజీలు ఉన్నాయి. కానీ బయాలజీ లేకుండా బీఎస్సీ నర్సింగ్ సీటు అన్నది నిబంధనకు విరుద్ధం. సీటు ఇప్పించేవాడు డబ్బు తీసుకుని పక్కకు తప్పుకుంటాడు. నాలుగేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు కౌన్సిల్ వాళ్లు మీ ప్లస్ టు మార్కుల షీటు అడుగుతారు. అక్కడ ఆగిపోతే డిగ్రీ కాగితం ఉండీ నర్సు కాలేరు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ మనిషి చేతికి ఇవ్వకండి. కాలేజీ పేరు అడగండి. ఆ పేరు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలోనూ, ఆ రాష్ట్ర కౌన్సిల్ జాబితాలోనూ, యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లోనూ ఉందో లేదో మీరే చూసుకోండి. తర్వాత కాలేజీకి స్వయంగా ఫోన్ చేసి "నాది ప్లస్ టు కామర్స్, బీఎస్సీలో తీసుకుంటారా" అని అడగండి. వాళ్ల జవాబు రాతపూర్వకంగా పంపమనండి. నెలాఖరు గడువు ఆ మనిషి పెట్టిందే. కాలేజీ పెట్టింది అయితే ప్రకటనలో ఉంటుంది.

దగ్గర్లోని ఏడాది కోర్సు చేస్తే మీరు నర్సింగ్ అసిస్టెంట్ అవుతారు, నర్సు కారు. ఆ సర్టిఫికెట్‌తో ఏ కౌన్సిల్లోనూ రిజిస్ట్రేషన్ రాదు. నర్సింగ్ హోములో యూనిఫాం వేయించి, సిస్టర్ అని పిలిపించి, సూదులు వేయిస్తారు. ఏదైనా తేడా వస్తే మీ వెనక చట్టం ఉండదు. రోగి సహాయకుల పని గౌరవమైన పనే, దాన్ని తక్కువ చేయను. కానీ మీరు అడిగింది అది కాదు.

ఏఎన్ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) అని ఇంకోటి ఉంది. రెండేళ్లు, ఆడపిల్లలకే, ప్లస్ టు ఏ గ్రూపైనా చాలు. సబ్ సెంటర్లలో గర్భిణులు, టీకాలు, ఇంటింటి తిరుగుడు. గుమ్మ, సెరంగో వైపు సవర గిరిజనుల పల్లెల్లో అలా పనిచేసేవాళ్ల అవసరం చాలా ఉంది. డబ్బు ఇరుకు మరీ ఎక్కువైతే ఇదీ ఆలోచించదగ్గదే, తర్వాత ఏఎన్ఎం నుంచి జీఎన్ఎంకి వెళ్లొచ్చు. కానీ మీరు రాసిన డయాలసిస్, వార్డు పని కావాలంటే ఇది చుట్టుదారి.

నర్సు కాకుండా ఆసుపత్రిలోనే ఉండే దారి కూడా మీకు ఉంది, డిగ్రీ నేరుగా పనికొచ్చేది అక్కడే. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో రెండేళ్ల పీజీకి ఏ డిగ్రీ అయినా చాలు. బిల్లింగ్, ఇన్సూరెన్సు, ఆయుష్మాన్ భారత్ క్లెయిములు చూసేవాళ్లు ప్రతి ఆసుపత్రికీ కావాలి. రోగిని ముట్టుకునే పని ఉండదు, నైట్ డ్యూటీ తక్కువ. మీ ఉత్తరం చదువుతుంటే మీకు కావలసింది ముట్టుకునే పనే అనిపించింది. అయినా ఈ మాట చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టవుతుంది.

నాన్నగారి బీఈడీ కూడా కొట్టిపారేయాల్సింది కాదు. ఇంటి దగ్గరే ఉండొచ్చని ఆయన ఆలోచన. కాకపోతే హైస్కూల్ పోస్టులు ఎక్కువగా ఆర్ట్స్, సైన్స్, భాషల కింద వస్తాయి కాబట్టి కామర్స్ డిగ్రీతో ఎన్నిటికి అర్హత ఉంటుందో పాత నోటిఫికేషన్లు ఆయనతో కలిసి కూర్చుని చూడండి. ఆ తర్వాత ఆయనే ఏమంటారో వినండి.

ఇంతవరకు కాగితాల సంగతి. ఇంకో ప్రశ్న ఉంది, అది మీరు అడగలేదు. మీరు చూసింది డయాలసిస్ యూనిట్. అక్కడ రోగులు తెలిసిన ముఖాలే, వారం వారం వస్తారు, నాలుగు గంటలు ఒకే చోట ఉంటారు. సిస్టర్‌కి మీతో మాట్లాడే తీరిక దొరికింది. జనరల్ మెడికల్ వార్డు అలా ఉండదు. తెలియని మనుషులు, పడకలకు మించిన రోగులు, అరిచే బంధువులు, మలమూత్రాలు, చీము పట్టిన పుళ్లు, రాత్రి 3 గంటలకు ఆగిపోయే గుండెలు. నాన్నమ్మకు మీరు చేసిన సేవలో ప్రేమ ఉంది. ఎవరో తాగి పడిపోయి మిమ్మల్ని తిడుతూ వచ్చిన మనిషికి కూడా అదే శ్రద్ధతో చేయాలి, డ్యూటీ పదకొండో గంటలో కూడా. కొందరికి అది వస్తుంది, కొందరికి రాదు, రాకపోవడం తప్పు కాదు. దుఃఖంలోంచి పుట్టిన కోరిక కాబట్టి నమ్మొద్దని నేను అనను. మంచి నర్సులు చాలామంది ఇంట్లో ఒకరి మంచం పక్కనుంచే వచ్చారు. ఏడాది గడిచినా మీ కోరిక అలాగే ఉంది, దానికి నేను విలువ ఇస్తున్నాను. కానీ ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. ఏదైనా ఆసుపత్రిలో తెలిసిన సిస్టర్ ద్వారా అనుమతి తీసుకుని, కొన్ని రోజులు జనరల్ వార్డులో కూర్చోండి. ఒక రాత్రి కూడా ఉండండి. చిన్న పనులు ఏవైనా చెబితే చేయండి. ఇంటికొచ్చాక మీకు ఏమనిపించిందో రాసి పెట్టుకోండి. భయమేస్తే ఫర్వాలేదు, భయం పోతుంది. అసహ్యం తగ్గకపోతే, లేదా ఆ మనుషుల మీద విసుగే మిగిలితే, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ వైపు మళ్లీ చూడండి.

మీకున్న మూడో భాష సంగతి కూడా చెప్పాలి. షాపుకి వచ్చే సవర కొనుగోలుదారులతో కాస్తో కూస్తో మాట్లాడతానని ఒక వాక్యం రాసి వదిలేశారు. తెలుగు, ఒడియా, కొద్దిగా సవర వచ్చిన నర్సు పర్లాకిమిడి ఆసుపత్రిలో ఉంటే కొండ మీద నుంచి దిగి వచ్చిన తల్లికి నొప్పి ఎక్కడో చెప్పుకునే దిక్కు దొరుకుతుంది. నొప్పి సరిగ్గా చెప్పలేక తప్పు వార్డుకి వెళ్లిన రోగుల్ని నేను చూశాను.

డబ్బు విషయం. మీ జీతం ఆగితే తమ్ముడి ఆఖరి ఏడాది హాస్టల్ ఖర్చు ఎవరు కడతారన్నది నాన్నగారితో, తమ్ముడితో కలిసి తేల్చుకోవాల్సిన విషయం. ఒక్క ఏడాది ఆగుతానంటే ఆగొచ్చు. జీఎన్ఎం వయసు పరిమితికి ఏమీ కాదు, నార్సెట్ లెక్క మాత్రం పైన చెప్పినట్టు జారుతుంది. ఆగకూడదనుకుంటే బ్యాంకు విద్యారుణం ఉంది. 4 లక్షల వరకు సాధారణంగా తాకట్టు అడగరు, కోర్సు అయ్యాక ఏడాది దాకా వాయిదాలు మొదలుకావు. వడ్డీ మాత్రం బ్యాంకు డబ్బు ఇచ్చిన రోజు నుంచే లెక్క. తమ్ముడికి ఇప్పటికే రుణం ఉంటే అది కూడా బ్యాంకులో చెప్పండి. మీరు ఇన్నాళ్లు అతనికి కట్టారు, ఉద్యోగం వచ్చాక అతను మీకు తోడు నిలవాలని ఇప్పుడే మాట అనుకోవడంలో మొహమాటపడాల్సింది లేదు.

ఇచ్ఛాపురం సంబంధం గురించి. వాళ్లమ్మగారు ముందే చెప్పారు, అది ఒకందుకు మేలే. పెళ్లయ్యాక చెప్పి ఉంటే మీకు దారి ఉండేది కాదు. ఇప్పుడు మీ ముందు ఉన్నవి ఇవీ. పెళ్లి చేసుకుని నర్సింగ్ మానడం. వాళ్లు ఒప్పుకుంటే మూడేళ్లు ఆగి పెళ్లి చేసుకోవడం. పెళ్లి చేసుకుని చదవడం. మూడోది వినడానికి బాగుంటుంది కానీ హాస్టలూ, నూరు శాతం క్లినికల్ హాజరూ ఉన్నచోట మధ్యలో కాన్పు వస్తే ఏడాది పోతుంది. చదువు మధ్యలో ఆపేసిన అమ్మాయిల్లో ఎక్కువమందిని నేను చూసింది ఇక్కడే. సంబంధం వదులుకోమని నేను చెప్పను, మీరు ఆ అబ్బాయితో మాట్లాడారు, నేను మాట్లాడలేదు. అయితే ఆయనతో ఒక్కసారి, పెద్దవాళ్లు పక్కన లేకుండా, సూటిగా మాట్లాడండి. నైట్ డ్యూటీ నెలలో కొన్నిసార్లు తప్పదు, పండగ రోజూ ఉండొచ్చు, మొదట్లో వేరే ఊళ్లో ఉద్యోగం రావచ్చు. ఇవన్నీ చెప్పి "మీ అమ్మగారికి మీరు చెప్పగలరా" అని అడగండి. "తర్వాత చూద్దాం" అంటే దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి.

ఇంట్లో నైట్ డ్యూటీ అంటే భయపడేది చాలావరకు భద్రత గురించే. హాస్టల్ నుంచి ఆసుపత్రికి దూరమెంత, రాత్రి రాకపోకలకు బండి ఉందా, వార్డెన్ ఎవరు అన్నది నాన్నగారిని వెంట తీసుకెళ్లి చూపించండి. అమ్మను కూడా తీసుకెళ్లండి. కాగితం మీద చదివి ఒప్పుకోని తండ్రులు, పిల్లలు యూనిఫాంలో వరసగా వార్డుకి వెళ్లడం చూసి మెత్తబడడం నాకు తెలుసు.

నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోయి ఉంటుంది. వార్డులో గడిపి వచ్చాక కూడా మీకు అదే పని కావాలనిపిస్తే ఒడిశాలోనే జీఎన్ఎం, ప్రభుత్వ సీటుకి గట్టి ప్రయత్నం, రాకపోతే సొంత ఆసుపత్రి ఉన్న మంచి స్కూలు. సీటు రాని పక్షంలో ఏడాది ఖాళీగా పోకుండా ఓపెన్ స్కూల్ సైన్స్‌లో పేరు నమోదు చేసుకుని ఉంచితే బీఎస్సీ తలుపు కూడా మూసుకోదు. కానీ ఇంటి ఖర్చూ, పెళ్లీ, వయసు సడలింపూ నాకంటే మీకే తెలుసు. వాటిని బట్టి దారి మార్చుకోవాల్సి వస్తే మార్చుకోండి.

ఈలోగా పదో తరగతి, ప్లస్ టు, ప్లస్ త్రీ మార్కుల షీట్లు, నివాస ధ్రువీకరణ, కుల ధ్రువీకరణ ఉంటే అదీ, ఒడియా చదివినట్టు చూపే కాగితం ఒక ఫైల్లో పెట్టుకోండి. ప్లస్ టు ఇంగ్లిష్‌లో 40 శాతం దాటిందో లేదో ఈరోజే చూడండి, మీ మొత్తం ఆలోచన దాని మీదే నిలబడి ఉంది. ప్రాస్పెక్టస్ చేతికొచ్చాక ఏదైనా షరతు అర్థం కాకపోతే ఆ పేజీ ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను.